లేసు గుడ్డ కింద బారు

ఫిబ్రవరి 23, సోమవారం

నళిని గుడ్డ ఎత్తి చూసేసింది.

మిషిగన్‌లో ఈ నోవై ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళు సగం ఆవిడే అమ్మిపెడుతుందని అందరూ చెబితే నేనే పిలిచాను. బూట్లకున్న మంచు గరాజ్‌లోనే దులుపుకుని, ప్రతి గదిలోకీ తల పెట్టి చూస్తూ, "మంచిగుంది, మంచిగుంది" అంటూ వచ్చింది. బేస్‌మెంట్‌లోకి దిగాక ఆగిపోయింది. మడత కుర్చీలు, కీబోర్డు, గోడ మీద వాక్యం, వాటికి ఎదురుగా నరసాపురం లేసు గుడ్డ కప్పుకుని మా పుల్పిట్.

"ఇదేంది దేవిగారూ, ఇంత పొడుగున్నది?"

"ప్రార్థన బల్లండీ. శనివారం శనివారం మా చర్చివాళ్ళంతా ఇక్కడే కూడుకుంటాం."

"బల్లకి కింద ఇత్తడి కడ్డీ ఎందుకుంటది?" అని, కాలు తగిలి కాస్త తొలగిన గుడ్డ అంచుని వంగి పట్టుకుంది. నేను ఆగండి అనేలోపే సగం పైకి లేపేసింది.

అప్పుడు చూడాలి ఆవిడ మొహం. లంకెబిందెలు దొరికినట్టు వెలిగిపోయింది. "వెట్ బార్! సింకు, ట్యాపు, కింద చిన్న ఫ్రిజ్‌కి జాగా, అన్నీ ఉన్నయి. ఇంట్ల ఇది పెట్టుకుని ఫోన్‌ల నాకు ఒక్క ముక్క చెప్పలే మీరు!"

ఏమని చెప్పను? ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని ముక్క.

"ఇది ఉంటే కొనేవాళ్ళు ఇష్టపడతారా అండీ, పారిపోతారా?" అని అడిగాను.

"కొందరికి ఇదే కావాలె. కొందరికి ఇదే వద్దు. అది మన చేతుల లేదు. కానీ గిట్ల గుడ్డ కప్పి పెట్టినమనుకోండి, అందరికీ డౌటే. నీళ్ళు కారుతున్నయేమో, బూజు పట్టిందేమో, ఏదో దాస్తున్నరు అనుకుంటరు."

వచ్చే వారం ఫొటోగ్రాఫర్‌ని పంపిస్తుందట. ఆలోపు గుడ్డ, కుర్చీలు, గోడ మీది వాక్యం అన్నీ తీసేయాలట. బార్ తుడిచి మెరిపించాలట. మెరిపించాలట!

సాయంత్రం మా ఆయనతో మాట్లాడాను. కంపెనీ వాళ్ళ డిపార్ట్‌మెంట్‌ని మొత్తంగా అలబామాకి తరలించేసరికి, క్రిస్మస్ అవగానే వెళ్ళి అక్కడ ఒంటి గదిలో చారన్నం తింటున్నారు పాపం. ఈ ఇల్లు అమ్ముడైతేనే నేను వెళ్ళేది. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "తీసెయ్ దేవీ. గుడ్డే కదా."

"మోజెస్ చూస్తాడండీ."

"వాడికి చెప్పేద్దాం" అన్నారు.

వద్దన్నాను. నా తమ్ముడి సంగతి నాకు తెలుసు.

ఫిబ్రవరి 24, మంగళవారం

అసలు ఇది పుల్పిట్ ఎలా అయిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ భయమూ రెండూ కలిసి వస్తాయి.

ఇల్లు కొన్నప్పుడే బార్ ఉంది. మందు వాసన తెలియని మన ఇంట్లో ఇదేమిటండీ అని నేను. ముందు ఇంట్లో చేరదాం, తర్వాత పీకించేద్దాం అని ఆయన. అంతలో భీమవరం నుంచి పాస్టర్ అయ్యగారు డెట్రాయిట్ కూటాలకి వచ్చారు. గృహప్రతిష్ఠ ప్రార్థన ఆయన చేత చేయించుకోవాలని ఆశ. పీకించే టైం లేదు. అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన పెద్ద లేసు గుడ్డ పెట్టెలోంచి తీసి, బార్ మొత్తాన్నీ నేల తాకేలా కప్పేశాను, వెనక అద్దానికి పాత తెర కట్టేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

అయ్యగారు మెట్లు దిగి తిన్నగా దాని వెనక్కే వెళ్ళి నిలబడ్డారు. ఎత్తు సరిగ్గా సరిపోయింది. బైబిలు దాని మీద పెట్టారు, రెండు చేతులూ ఆనించారు. "అమ్మా, అమెరికాలో ఇళ్ళు కొన్నవాళ్ళని చాలామందిని చూశాను. టీవీ గది చూపిస్తారు, స్నానాల గది చూపిస్తారు. ఇంట్లో బలిపీఠం కట్టించుకున్న కుటుంబాన్ని ఇదిగో, ఇక్కడే చూస్తున్నాను" అన్నారు.

వచ్చినవాళ్ళంతా ఆమేన్ అన్నారు. మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా తలలు వంచుకున్నాం. ఇకమీదట శనివారం కూడిక ఇక్కడేనని కూడా అయ్యగారే ప్రకటించి, బిర్యానీ తిని, విమానం ఎక్కేశారు. ఇంకెవరికని చెప్పేది?

ఆ మరుసటి సంవత్సరం ఒహాయో నుంచి మోజెస్ వచ్చాడు. వచ్చాడని రాయకూడదు, తీసుకొచ్చాను. తాగి కారు నడిపి లైసెన్స్ పోగొట్టుకున్నాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అపార్ట్‌మెంట్ చూసిపెట్టాను. కొత్త ఉద్యోగానికి ఆ చలికాలమంతా నేనే డ్రైవ్ చేసి దింపేదాన్ని. శనివారాలు ప్రార్థనకి కూడా నేనే తెచ్చేదాన్ని. ఒక శనివారం తనంతట తాను లేచి, ఆ గుడ్డ వెనక నిలబడి సాక్ష్యం చెప్పాడు. ఇక ముట్టనన్నాడు. ముట్టలేదు.

దేని మీద చేతులు పెట్టి ఆ మాట అన్నాడో వాడికి తెలియదు. తెలిస్తే ఏమవుతుందో నాకూ తెలియదు.

అయినా వాడికి ఆ ఊసే లేదిప్పుడు. ప్రభువు వేళ్ళతో సహా పెరికేశాడు.

ఫిబ్రవరి 28, శనివారం

కూడిక బాగా జరిగింది. బయట మంచు పడుతున్నా అందరూ వచ్చారు. మోజెస్ పాట ఎత్తుకున్నాడు. పాడుతున్నంతసేపూ వాడి చేతులు ఆ గుడ్డ మీదే ఉన్నాయి. నేను పాట వినలేదు, చేతులే చూస్తూ కూర్చున్నాను.

టీ తాగేటప్పుడు పర్సిస్ గారు పట్టుకున్నారు. స్త్రీల సమాజం ప్రెసిడెంట్. మద్యపానం మీద ఆవిడ మాట్లాడితే కాఫీ తాగేవాళ్ళు కూడా కప్పు కింద పెట్టేస్తారు.

"ఇల్లు అమ్మేస్తున్నారటగా, దేవకుమారీ?"

"అవునండీ. ఆయన అక్కడ, నేనిక్కడ. ఎన్నాళ్ళని."

"మరి ఈ పుల్పిట్ ఎవరికిస్తున్నారు? కొన్నవాళ్ళకి వదిలేస్తారా ఏమిటి? అయ్యగారు ప్రతిష్ఠించిన బలిపీఠం. చర్చికి ఇచ్చెయ్యండి. మగవాళ్ళు నలుగురు పట్టుకుంటే వ్యాన్‌లోకి ఎక్కదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతట అదే పోయి లేసు సర్దింది. "అది... బరువండీ. చాలా బరువు" అన్నాను.

"కదల్దులెండి పర్సిస్ గారూ. అది నేల్లోంచి మొలిచింది" అన్నాడు మోజెస్, సమోసా నముల్తూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి మాటలు ఎప్పుడూ అంతే.

మార్చి 3

నళిని రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

మార్చి 5, గురువారం

తీసేశాను.

మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు తీశాను. గుడ్డ, అద్దం మీది తెర మడిచి పక్కన పెట్టి, తుడుద్దామని బకెట్‌తో వచ్చి, అలాగే నిలబడిపోయాను.

ఇన్నేళ్ళూ దాన్ని నేను చూడనే లేదు. కప్పడానికి చూశాను, అంతే. చెక్క మీద దుమ్ము తుడుస్తుంటే లోపలినుంచి ఎరుపు, తేనెరంగు, నలుపు గీతలు లేచి వచ్చాయి. అంచులన్నీ చేత్తో నున్నగా తీర్చినవి. ఒక చివర కొంచెం వంపు తిప్పారు, ఎవరి మోచేతికీ మూల గుచ్చుకోకుండా. వెనక అద్దం. ఆ అద్దంలో కిటికీ, కిటికీలో మంచు, మంచు మీద ఎండ. నేలకింది గదిలోకి ఇంత వెలుగు వస్తుందని నాకు తెలియదు. నేనే గుడ్డేసి ఆపాను.

చెప్పుకుంటే సిగ్గు. నోట్లోంచి "స్తోత్రం" అని వచ్చేసింది. బార్‌ని చూసి స్తోత్రం చెప్పిన ఆడది క్రైస్తవ లోకంలో నేనొక్కదాన్నేనేమో.

కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. కింద ఎక్కడో వాల్వ్ కట్టేసి ఉన్నట్టుంది. రాకపోతే పోయింది.

మార్చి 7, శనివారం

కూడిక పైన హాల్లో పెట్టాను. మంచు కరిగి బేస్‌మెంట్‌లోకి నీళ్ళు వచ్చాయని చెప్పాను. మార్చిలో మిషిగన్‌లో ఎవరైనా నమ్మే అబద్ధం. కింది మెట్ల తలుపు వేసేసి, దాని ముందు చెప్పుల స్టాండ్ అడ్డం పెట్టాను.

"నేను దిగి చూస్తా ఉండక్కా, నీళ్ళు తోడే పంప్ ఆగిపోయిందేమో" అన్నాడు మోజెస్.

"వద్దురా. ప్లంబర్ వస్తున్నాడు."

"శనివారం సాయంత్రం ప్లంబరా?"

"వస్తానన్నాడు మరి."

నా మొహంలోకి చూశాడు, చెప్పుల స్టాండ్ వంక చూశాడు. "సరే అక్కా" అని వెళ్ళి కుర్చీలు వేశాడు. ప్రార్థనలో ఇవాళ వాడు నా కోసం ప్రత్యేకంగా ప్రార్థించాడు, అక్క మనసుకి నెమ్మది కలిగించమని. అలబామా ప్రయాణం గురించి అనుకుంటా.

మార్చి 10, మంగళవారం

ఫొటోలు ఇంటర్నెట్‌లో పడ్డాయి. మొత్తం ఇంట్లో నళినికి నచ్చింది ఆ బారే అన్నట్టు దాన్నే మూడు వైపులనుంచీ తీయించింది. ఎక్కడినుంచో పొడుగు కాళ్ళ గాజు గ్లాసులు తెచ్చి వరసగా పేర్చింది. ఖాళీవే.

మనవాళ్ళకి అమ్మకానికొచ్చిన ఇళ్ళ ఫొటోలు చూడటం ఒక కాలక్షేపం. కొనేది లేదు, పెట్టేది లేదు. ఎవరింట్లో ఏ గ్రానైటు, ఎవరి బాత్రూమ్ ఎంత. పర్సిస్ గారు చూడకుండా ఉంటారా? మోజెస్ చూడకుండా ఉంటాడా?

వాడికి ఆ ఊసే లేదిప్పుడు. ఫొటో చూస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. గ్లాసులే కదా.

రాత్రి భోజనానికి రమ్మని మోజెస్‌కి ఫోన్ చేసి, వాడు ఎత్తేలోపే పెట్టేశాను. వాడే తిరిగి చేశాడు. పొరపాటున నొక్కానని చెప్పాను.

మార్చి 14, శనివారం

ఓపెన్ హౌస్. కొనాలనుకునేవాళ్ళు వచ్చి ఇల్లు తిరిగి చూసే రోజు. అమ్మేవాళ్ళు ఇంట్లో ఉండకూడదు, కొనేవాళ్ళు మనసు విప్పి మాట్లాడుకోరు అని నళిని పదిసార్లు చెప్పింది. వెళ్దామనే బయల్దేరాను. డ్రయర్‌లో దుప్పటి మర్చిపోయానని కిందికి దిగాను. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇంక ఏం చేయను, లాండ్రీ గదిలోనే తలుపు దగ్గరగా వేసుకుని, దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. నా ఇంట్లో నేనే దొంగలా!

మొదట వచ్చిన జంట చిన్నవాళ్ళు. "నిధీ, బార్ చూడు! ఇక్కడ పెద్ద టీవీ పెడితే, సూపర్‌బౌల్ మ్యాచ్ అంతా మనింట్లోనే" అని అబ్బాయి గంతులేస్తున్నాడు.

"మీ అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంటారు కదా సాయి తేజా. ఆవిడకి ఏమని చెప్తావు దీన్ని?"

అబ్బాయి గంతులు ఆగాయి. "గుడ్డ కప్పేద్దాం" అన్నాడు.

నవ్వు ఆపుకోలేక దుప్పట్లో మొహం పెట్టుకున్నాను. ఈ దేశంలో ఎన్ని బేస్‌మెంట్లలో ఎన్ని బార్లు ఎన్ని గుడ్డల కింద ఉన్నాయో కదా.

తర్వాత ఒక అమెరికన్ పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన పైకీ కిందికీ తడిమి చూసి, అబ్బా అన్నట్టు ఒక శబ్దం చేశాడు. భార్య మటుకు మెట్లు ఎక్కలేనని, బేస్‌మెంటే వద్దని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత దామోదర్ గారట, భార్యతో, తల్లితో వచ్చారు. భార్య సింకు చూసింది, స్విచ్చులు చూసింది. "ఏవండీ, ఇక్కడ ఒక పొయ్యి పెట్టించుకుంటే చాలు. అత్తయ్యగారు పైన సాత్వికంగా వండుకుంటారు. మనకి చేపల పులుసు ఇక్కడ. వాసన పైకి రాదు" అంది. పెద్దావిడ కూడా, "నాకు కనబడకపోతే మీరేం చేసుకుంటే నాకేం" అంది.

ఒక్క చెక్క ముక్క. ఒకరికి ఆట, ఒకరికి చేపల పులుసు, ఒకరికి బలిపీఠం. అలా వింటూ నిలబడితే నాకు భలే ఆశ్చర్యం వేసింది. మనుషులు దేన్ని దేనిగా చూస్తారో ఎవరు చెప్పగలరు!

మార్చి 17

దామోదర్ గారివాళ్ళే ఆఫర్ పెట్టారు. బార్ ఎలా ఉన్నదలా వదలాలట, కుళాయి పని చేయాలట. "చూసిన్రా, మీరు దాచుకున్నదే అమ్మిపెట్టింది" అని నళిని ఫోన్‌లో ఒకటే నవ్వు.

మార్చి 20, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

ఇల్లు తనిఖీ చేయడానికొచ్చిన ఇన్‌స్పెక్షన్ మనిషి వాల్వ్ విప్పితే కుళాయి అడుగున నీళ్ళు కారిపోయాయి. ఏ ప్లంబర్ని పిలిచినా వచ్చే వారం అన్నారు. మా ఆయనకి చెప్పుకున్నాను. ఆయనేం చేశారంటే, నాకు ఒక్క మాట చెప్పకుండా మోజెస్‌కి ఫోన్ చేశారు.

నేను కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి వాడి కారు బయట ఉంది. సంచీలు గరాజ్‌లోనే పడేసి కిందికి పరిగెత్తాను. వాడు బార్ వెనక నేల మీద వెల్లకిలా పడుకుని, తల సింకు కింద పెట్టి రెంచ్ తిప్పుతున్నాడు. బారంతా బట్టబయలుగా ఉంది. నళిని గ్లాసులు కూడా అలాగే ఉన్నాయి. నేను వెళ్ళి వాటికి అడ్డంగా నిలబడ్డాను. ఒంటి మీద చున్నీ తీసి పరిచేద్దామా అనిపించింది.

"లైట్‌కి అడ్డం లే అక్కా" అన్నాడు లోపల్నుంచి.

జరిగాను. కాసేపటికి లేచి కుళాయి తిప్పాడు. ముందు దగ్గినట్టు చప్పుడు, తర్వాత తుప్పు రంగు నీళ్ళు, తర్వాత తేటగా వచ్చాయి. మోజెస్ చేతులు కడుక్కున్నాడు. ఆ గ్లాసుల్లో ఒకటి తీసి, కడిగి, నిండా నీళ్ళు పట్టుకుని గడగడ తాగాడు. బార్ వెనక నిలబడి.

"మోజెస్, ఇది..."

"బారు" అన్నాడు.

"ఎవరు చెప్పారు? బావా?"

"ఎవరు చెప్పాలక్కా? మొదటి శనివారం మోకరించి లేస్తుంటే నా కాలు ఈ కడ్డీకి తగిలింది. తాగినోడి కాలికి ఈ కడ్డీ తెలీదా? ఒహాయోలో సగం జీవితం దీని మీదే కాలు పెట్టి నిలబడ్డాను."

నేను అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి శనివారం! సాక్ష్యం చెప్పకముందే!

"మరి నాతో ఎందుకు అనలేదురా?"

"నువ్వు దాచావుగా. అమ్మ ఇచ్చిన లేసు కప్పి, నేలదాకా సర్ది. నాకు తెలుసని నీకు తెలిస్తే నీకు నిద్ర పట్టదు. ఎందుకులే అని ఊరుకున్నా."

"వేరే ఇంట్లో పెట్టమని అడగాల్సింది."

"ఒకసారి అడుగుదామనుకున్నా. మళ్ళీ అనిపించింది, దీని ముందు నిలబడి టీ తాగి ఇంటికెళ్ళగలిగితే ఇంకెక్కడైనా నిలబడొచ్చు కదా అని." గ్లాసు కడిగి బోర్లించాడు. "కానా పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షరసం అయ్యాయి. నా కేసులో దేవుడు రివర్స్ గేర్ వేశాడు."

నవ్వాను, ఏడ్చాను. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడు. జడ వేసుకోవడం మానేసి వాడికి అన్నం తినిపించి స్కూలుకి పంపేదాన్ని. వాణ్ణి నేను కాపాడుతున్నాననుకున్నాను. వాడు నన్ను కాపాడాడు, అదీ ఒక్క మాట అనకుండా! దేవా, నా పక్కనే కూర్చుని సమోసా తినేవాడు ఇంత మనిషని నాకు తెలియదు.

మార్చి 21, శనివారం

రాత్రి హాయిగా నిద్ర పట్టింది. ఇన్నేళ్ళ బరువు దిగింది. వాడికి నిజంగానే ఆ ఊసే లేదు, లేకపోతే బార్ వెనక నిలబడి అలా జోకులేస్తాడా?

అలబామాకి ఫోన్ చేసి మా ఆయన్ని తిట్టాను. తర్వాత థాంక్స్ చెప్పాను.

మార్చి 29

మట్టలాదివారం. పెట్టెలు కట్టడం. వంటగది సగం అయింది.

ఏప్రిల్ 11, శనివారం

ఇంట్లో ఆఖరి కూడిక. బుధవారం తాళాలు ఇచ్చేయాలి.

పొద్దున్నే మోజెస్ ఫోన్ చేసి, "ఇవాళ కిందే పెట్టుకుందాం. గుడ్డ వద్దక్కా" అన్నాడు. పర్సిస్ గారు వస్తారురా అన్నాను. "రానీ" అన్నాడు.

అందరూ మెట్లు దిగుతూ ఒక్కొక్కరే మాట ఆపేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. కుర్చీల్లో కూర్చుని బైబిళ్ళు తెరిచి, వాటి పైనుంచి చూస్తున్నారు. వెనక అద్దంలో మా అందరి మొహాలూ మాకే కనిపిస్తున్నాయి. పర్సిస్ గారు మొదటి వరసలో కూర్చుని ఇత్తడి కడ్డీనే చూస్తున్నారు. ఇన్నేళ్ళ పేరు ఇవాళ్టితో పోయిందనుకున్నాను.

మోజెస్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది బారండీ" అన్నాడు. "ఈ ఇల్లు కట్టినప్పట్నించీ బారే. అక్కావాళ్ళు మన అయ్యగారికి భయపడి గుడ్డ కప్పారు. ఆయన బలిపీఠం అన్నారు. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. నేను తాగుబోతుని. దీని వెనక నిలబడే మానేస్తానని మీ అందరి ముందూ చెప్పాను. ఇన్నాళ్ళూ ఈ ఒక్క ముక్క వదిలేసి సాక్ష్యం చెప్పాను. ఇల్లు చేతులు మారకముందు ఇది కూడా చెప్పేయాలని."

ఒక్కరు ఆమేన్ అనలేదు. ఎలా అనాలో తెలియలేదు. ఎవరో నెమ్మదిగా పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు.

పాట అయ్యాక పర్సిస్ గారు లేచి తిన్నగా మా ఇద్దరి దగ్గరికి వచ్చారు. ఇక మొదలవుతుందని పళ్ళ బిగువున నిలబడ్డాను.

"తాళాలు ఎప్పుడిస్తున్నారు?" అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"బుధవారమండీ."

చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు. "మావాడు ఎవాన్... మా చిన్నవాడు. కాలేజీలో మొదలైంది. ఇప్పుడు ఉద్యోగానికి కూడా సరిగ్గా వెళ్ళట్లేదు. వాళ్ళ నాన్నకి, నాకు తప్ప ఎవరికీ తెలీదు. చర్చికి రమ్మంటే రాడు మోజెస్. ప్రార్థన చేయిద్దాం రారా అంటే తలుపేసుకుంటాడు." ఆగారు. "బార్ అంటే వస్తాడేమో. రేపు తీసుకురానా?"

స్త్రీల సమాజం ప్రెసిడెంట్ పర్సిస్ గారు. ఆ మాట అనడానికి ఆవిడ ఎన్ని మెట్లు దిగి వచ్చారో నాకు తెలుసు, నేనూ ఇన్నేళ్ళూ దాచుకుని బతికినదాన్నే కదా. ఆవిడ చేయి పట్టుకున్నాను.

"తీసుకురండి" అన్నాడు మోజెస్. "నేను ముందే వచ్చి ఉంటాను."

ఏప్రిల్ 12, ఆదివారం

ఎవాన్ వచ్చాడు. పొడుగ్గా, గడ్డం పెరిగి, కళ్ళు ఎత్తకుండా. "హాయ్ ఆంటీ" అన్నాడు. పర్సిస్ గారు కారు దిగలేదు, స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నారు. నేను అబ్బాయికి కింద దారి చూపించి, కాఫీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాను. గిన్నెలన్నీ పెట్టెల్లో ఉన్నాయి. ఒక్క గిన్నె వెతికి తీయడానికి చాలాసేపు పట్టింది.

ట్రే పట్టుకుని సగం మెట్లు దిగేసరికి ఎవాన్ గొంతు వినిపించి ఆగాను.

"అంకుల్, మీకు ఇంకా అనిపిస్తుందా? లైక్, తాగాలి అని?"

నేనే లోపలికెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. లేదు నాన్నా, వాడికి ఆ ఊసే లేదిప్పుడు అని. ఆ మాట నాకు నోటికొచ్చు.

"ఇవాళ పొద్దున కూడా అనిపించింది" అన్నాడు మోజెస్.

"కానీ యూ స్టాప్డ్. ఇయర్స్ అయింది కదా."

"ఇయర్స్ కాదు ఎవాన్, రోజులు. ఒక్కో రోజూ అనిపిస్తుంది. శనివారాలు మరీను. ఇక్కడ నిలబడి పాట పాడుతుంటే నాలిక ఎండిపోయేది. చేతులు వణుకుతుంటే అక్క చూస్తుందని బల్ల గట్టిగా పట్టుకునేవాణ్ణి."

తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడు.

నేను మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. అన్ని శనివారాలు! నేను టీ కప్పులు సర్దుతూ, ఎవరికి చక్కెర ఎంతో గుర్తుచేసుకుంటూ ఉన్నప్పుడు, నా నుంచి అడుగు దూరంలో వాడు అంత పోరాటం పోరాడుతున్నాడు. గెలిచి, చేతులు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి టీ తీసుకునేవాడు. నేను దాన్ని వాడికి ఊసే లేదని రాసుకుంటూ వచ్చాను. నాకు భయం వేసింది, గర్వం కలిగింది, వాడి కాళ్ళ మీద పడాలనిపించింది. దేవుడు చేసే అద్భుతం ఒక్కసారి జరిగి అయిపోతుందనుకునేదాన్ని.

కాఫీ చల్లారిపోయింది. పైకి వెళ్ళి మళ్ళీ వేడి చేసి, రెండు కప్పులు కింద మెట్టు మీద పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేశాను. ఇంకో కప్పు పర్సిస్ గారికని బయటికి తీసుకెళ్ళి, కారు తలుపు తీసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారు లోపల?" అన్నారు.

"మాట్లాడుకుంటున్నారు" అన్నాను.